హైవే బండి, బజారు బండి: గిరిసోల–బరంపురం దారిలో పాత వాహనాల అరుగుదల

గిరిసోల ఒడిశాలోని గంజాం జిల్లా దక్షిణపు కొసన, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే జాతీయ రహదారి ఈ ఊరి దగ్గరే ఒడిశాలోకి అడుగుపెడుతుంది. ఒకప్పుడు అది 5వ నంబరు రోడ్డు. 2010లో నంబర్లు మార్చాక 16వ నంబరు అయింది. దక్షిణాన ఇచ్ఛాపురం, ఉత్తరాన పాతిక కిలోమీటర్ల లోపే బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీదే. నడుమ గీత పడ్డాక కూడా పెళ్ళి సంబంధాలు, పట్టుచీరల బేరాలు, పెద్దాసుపత్రికి రాకపోకలు ఎప్పటిలాగే సాగుతున్నాయి. వాటితోపాటే పాత బండ్లూ చేతులు మారుతుంటాయి. ఏపీ 30 బండి బరంపురం చేరుతుంది, ఓడీ 07 బండి ఇచ్ఛాపురం వస్తుంది.

ఏ బేరంలోనైనా మొదటి మాట ఒకటే: "రీడింగు ఎంత?" అరవై వేలంటే కొనేవాడి ముఖం విప్పారుతుంది, లక్షా ఇరవై అంటే ముడుచుకుంటుంది. ఆ ప్రశ్నలో తప్పు లేదు కానీ అది సగం ప్రశ్న. ఆ అరవై వేలూ ఎక్కడ తిరిగాయన్నది మిగతా సగం. హైవే మీద తిరిగిన అరవై వేలు, బజారులో ఆగుతూ కదులుతూ తిరిగిన అరవై వేలు యంత్రానికి ఒకటి కావు. ఇది తెలియక మంచి బండిని కాలదన్నుకుని, లోపల డొల్లైన బండిని ఇంటికి తోలుకొచ్చేవాళ్ళు చాలామంది. ఏళ్ళ తరబడి దాచుకున్న డబ్బుతో ఒక్క బండి కొనుక్కునే ఇళ్ళున్న ప్రాంతంలో అది చిన్న నష్టం కాదు.

గంటల లెక్క

ఈ విషయం పల్లెలో రైతుకు ఎప్పుడో తెలుసు. పాత ట్రాక్టరు కొనేవాడు అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడు, ఎన్ని గంటలు నడిచిందని అడుగుతాడు. జేసీబీకీ అంతే, జనరేటరుకూ అంతే. చేలో దమ్ము చేసే ట్రాక్టరు రోజంతా నడిచినా దూరం పెద్దగా పోదు, ఇంజను మాత్రం ఆ రోజంతా అరుగుతూనే ఉంటుంది. కారు బజారులో ఇరుక్కున్నప్పుడు జరిగేదీ అదే. కాకపోతే కారులో గంటల మీటరు కళ్ళెదురుగా ఉండదు.

కాగితం మీద ఒక లెక్క వేసి చూద్దాం. రెండు కార్లు, రెండింటికీ రీడింగు 60,000. మొదటిది గిరిసోల నుంచి రోజూ బరంపురం వెళ్ళొచ్చే ఉద్యోగిది. సగటు వేగం గంటకు 60 కిలోమీటర్లు అనుకుంటే ఇంజను 1,000 గంటలు నడిచింది. రెండోది బరంపురంలోనే గిరి రోడ్డు, బడాబజారు, గేట్ బజారు, టాటా బెంజ్ కూడలి మధ్య తిరిగిన కారు. సగటు వేగం 18 అనుకుంటే 3,300 గంటలు దాటుతుంది. హైవే కారు ఇంజను నిమిషానికి 2,200 చుట్లు తిరిగిందనుకున్నా మొత్తం 13 కోట్ల పైచిలుకు. బజారు కారు సగటున 1,400 చుట్లే తిరిగిందనుకున్నా 28 కోట్లు. ఒకే రీడింగు, రెట్టింపు చుట్లు.

ఆ 18 అన్న అంకె గాలిలోంచి తీసింది కాదు. మన దేశంలో కార్ల మైలేజీ, పొగ పరీక్షలకు చాలాకాలం వాడిన సవరించిన భారతీయ డ్రైవింగ్ సైకిల్‌లో పట్టణ భాగం 780 సెకన్లు. అందులో సగటు వేగం గంటకు 19 కిలోమీటర్ల లోపే. ఊరి బయటి భాగం 400 సెకన్లు, సగటు 60కి అటూఇటూ, గరిష్ఠం 90. పట్టణ భాగంలో దాదాపు మూడో వంతు సమయం బండి కదలకుండా, ఇంజను మాత్రం ఆడుతూ ఉంటుంది. పరీక్షను రూపొందించిన ఇంజనీర్లు కూడా పట్టణపు నడకను అలాగే ఊహించారన్నమాట.

ఇంజనాయిలు విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కార్లకు సాధారణంగా 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిలు మార్చమంటారు. హైవే కారుకు ఆ పదివేలంటే 170 గంటల లోపు. బజారు కారుకు 550 గంటల పైన. అదే చాలా ట్రాక్టర్లకు 250 గంటలకోసారి ఆయిలు మార్పిస్తారు. అంటే ట్రాక్టరు రెండుసార్లు ఆయిలు మార్చుకునే కాలమంతా బజారు కారు ఒకే ఆయిలుతో నడుస్తోంది. కంపెనీలకు ఇది తెలియక కాదు. కారుతో ఇచ్చే పుస్తకంలో 'కఠిన వాడుక' అని వేరే పట్టిక ఉంటుంది. దగ్గరి దూరాలు, ఎక్కువసేపు ఐడ్లింగ్, దుమ్ము దారి ఉంటే ఆయిలు ముందే మార్చమని అందులో రాస్తారు. ఆ పేజీ తెరిచేవాళ్ళు తక్కువ. బరంపురం బజారులో తిరిగే ప్రతి కారూ ఆ పట్టిక కిందికే వస్తుందని నా నమ్మకం.

చల్లటి స్టార్టు

గంటలతోపాటు లెక్కించాల్సింది స్టార్టులు. బండి రాత్రంతా ఆగి ఉంటే ఆయిలు కిందికి, సంపులోకి దిగిపోతుంది. పొద్దున సెల్ఫు కొట్టగానే పైన క్యామ్‌షాఫ్టుకు, వాల్వులకు ఆయిలు అందేలోపు ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. చల్లగా ఉన్న ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కాలని పెట్రోలు రింగుల సందులోంచి జారి ఆయిల్లో కలుస్తుంది. పైగా లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీళ్ళు ఆవిరిగా పుడతాయి. ఇంజను, సైలెన్సరు బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. మూడు కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తే లోపలే చెమరుస్తుంది. సైలెన్సరు లోపలి నుంచి తుప్పు పట్టేది అందుకే.

గిరిసోల ఉద్యోగి ఒక్కో స్టార్టుకు పాతిక కిలోమీటర్లు పోతే 60,000 కిలోమీటర్లకు 2,400 స్టార్టులు. ఇంటికి, కొట్టుకు, పిల్లల బడికి మూడేసి కిలోమీటర్లు తిరిగే కారుకు అదే దూరానికి 20,000 స్టార్టులు.

అయితే ఇక్కడ ఒక మాట పట్టించుకోవాలి. చల్లటి స్టార్టుల భయమంతా చలిదేశాల పుస్తకాల్లోంచి వచ్చింది. కెనడాలో ఇంజను సున్నాకు ఇరవై డిగ్రీల కింద నుంచి వేడెక్కాలి. గంజాంలో తెల్లవారుజామున కూడా అది సున్నాకు ఎంతో పైనుంచే మొదలవుతుంది. కాబట్టి ఆ నష్టం మనకు అంతగా ఉండదు. దానికి బదులు మనకున్నది ఎండ. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని బజారులో నిలబడ్డ కారుకు ఎదురుగాలి లేదు, రేడియేటరు ఫ్యాను ఒక్కటే దిక్కు. రబ్బరు గొట్టాలు, రేడియేటరు ప్లాస్టిక్ ట్యాంకులు, ఇంజను మౌంటింగులు, బ్యాటరీ ఆ వేడికి లోపల్లోపలే దెబ్బతింటాయి.

ఆగుతూ కదలడమే ఇంజనుకు చావు అనుకోవడం కూడా పొరపాటే. అమెరికా పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 1996లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు ప్రచురించింది. న్యూయార్క్ నగరంలో 75 టాక్సీలను ఒక్కోటీ 60,000 మైళ్ళు తిప్పి, ఆ తర్వాత ఇంజన్లు విప్పి కొలిచారు. అంత ట్రాఫిక్‌లో తిరిగినా ఇంజన్ల అరుగుదల తక్కువే. ఏ కంపెనీ ఆయిలు పోశారన్నదానితో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారణం తేలిక: టాక్సీ ఇంజను చల్లారే సమయమే ఉండదు. బరంపురం స్టేషను దగ్గర పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగే ఆటోదీ అదే కథ. దాని ఇంజను ఏళ్ళ తరబడి నిలబడుతుంది. క్లచ్చు, బ్రేకులు, షాకబ్జర్లు మాత్రం నిలబడవు. ఇంటి ముందు కవరు కప్పి వారానికోసారి గుడికి తీసే కారు కన్నా ఆటో ఇంజనే ఆరోగ్యంగా ఉన్న సందర్భాలు ఉంటాయి.

హైవే వైపు నుంచి ఉదాహరణ కావాలంటే ఇర్వ్ గోర్డన్. న్యూయార్క్ రాష్ట్రంలో బడి పంతులు. 1966లో వోల్వో పీ1800 కారు కొన్నాడు. ఉద్యోగానికి రోజూ రానూపోనూ 125 మైళ్ళు, దాదాపు 200 కిలోమీటర్లు. అప్పటికే గిన్నిస్ రికార్డుల్లో ఉన్న ఆ కారు 2013లో 30 లక్షల మైళ్ళు దాటింది. ఆయన శ్రద్ధ గొప్పది, కారు గట్టిది. దూరాలు పొడుగ్గా ఉండటం కూడా అంతే కలిసొచ్చింది.

క్లచ్చు, బ్రేకు

బజారు బండి ముందుగా అరిగేది క్లచ్చు దగ్గర. కదలబోయే ప్రతిసారీ తిరుగుతున్న ఫ్లైవీలుకీ ఆగి ఉన్న గేరుబాక్సుకీ మధ్య ప్లేటు జారుతూ పట్టుకోవాలి. ఆ జారుడే అరుగుదల. హైవే మీద టాప్ గేరులో పడ్డాక ప్లేటు బిగుసుకుపోయి ఉంటుంది, జారదు, అరగదు. కొత్త ప్లేటు మీద రివెట్ల తలలు గుంటల్లో లోతుగా దాగి ఉంటాయి. షెడ్డులో గేరుబాక్సు దింపి తీసిన పాత ప్లేటు మీద వేలు రాస్తే ఆ తలలు చర్మానికి తగులుతాయి. ఫ్లైవీలు ముఖం మీద నీలం మచ్చలుంటే అది హాఫ్ క్లచ్చు మీద బండిని ఆపుకుంటూ నడిపినవాడి గుర్తు. కాలిన వాసన ఆ ప్లేటును వదలదు. లక్ష కిలోమీటర్లు దాటిన హైవే కారులో కంపెనీ వేసిన క్లచ్చే ఇంకా ఉండటం మామూలు విషయం. బజారు కారుకు అందులో సగానికే మార్చాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు.

గేరు తనంతట తాను మార్చుకునే ఏఎంటీ కార్లకూ ఈ బాధ తప్పలేదు. మారుతి సెలెరియోతో 2014లో మన మార్కెట్లోకి వచ్చిన ఈ పద్ధతిలో క్లచ్చు పెడల్ లేదు గాని క్లచ్చు ప్లేటు ఉంది. జామ్‌లో అంగుళం అంగుళంగా కదిలితే అదీ అలాగే జారుతుంది.

బ్రేకుల సంగతి కాస్త తిరకాసు. గతిశక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. 80 మీద నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే ప్యాడ్లకు పుట్టే వేడి, 30 మీద నుంచి ఏడుసార్లు ఆపినదానికి సమానం. కాబట్టి హైవే మీద బ్రేకు అరుదుగానే పడుతుంది గాని, పడ్డప్పుడు గట్టిగా పడుతుంది. అయినా మొత్తం లెక్కలో బజారే ఓడిపోతుంది: హైవే బండి పాతిక కిలోమీటర్లలో ఐదారుసార్లు బ్రేకు తొక్కితే బజారు బండి మూడు కిలోమీటర్లలో ముప్ఫైసార్లు తొక్కుతుంది. డిస్కు అంచున వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. అరగని గట్టు ఎంత ఎత్తుగా తగిలితే ప్యాడు అంత లోతు తిన్నట్టు.

స్పీడు బ్రేకర్లు, గుంతలు, కాలువ మూతల మీద ఎక్కిదిగే బజారు బండికి లింకు రాడ్లు, బుష్‌లు, స్టీరింగు ర్యాకు ముందే వదులవుతాయి. మాటిమాటికీ మార్చే ఒకటి, రెండు గేర్ల సింక్రో రింగులూ అంతే. పవర్ విండో, తలుపు కీలు, హ్యాండు బ్రేకు లాంటివాటిని దూరంతో కొలవడం దండగ. ఎన్నిసార్లు వాడారన్నదే వాటి వయసు.

డీజిల్‌కు కొత్త చిక్కు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్–6 అమలయ్యాక డీజిల్ కార్ల సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. దాన్నే డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది తనలోనే కాల్చుకోవాలి. అందుకు పొగ వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి, బండి కొంతసేపు ఆగకుండా పరిగెత్తాలి. గిరిసోల నుంచి బరంపురం దాకా హైవే మీద వెళ్ళే బండికి ఆ పని దారిలోనే జరిగిపోతుంది. బజారులో మాత్రమే తిరిగే డీజిల్ కారు మసి కాల్చడం మొదలుపెట్టేసరికి ఇల్లు వచ్చేస్తుంది, యజమాని తాళం తిప్పేస్తాడు. ఇలా పదేపదే జరిగితే ఫిల్టరు పూడుకుపోతుంది. మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ ఆయిల్లోకి దిగి, డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం పెరుగుతుంది. ఆయిలు తగ్గడం అందరూ గమనిస్తారు. పెరగడం కూడా ప్రమాదమని కొద్దిమందికే తెలుసు. రోజూ పది కిలోమీటర్ల లోపు తిరిగేవారు పాత బీఎస్–6 డీజిల్ కారు జోలికి పోకపోవడమే మంచిది.

హైవే చేసే గాయాలు

ఇంతవరకూ చదివి హైవే బండంటే కళ్ళు మూసుకుని కొనొచ్చనుకోకూడదు. లారీ చక్రాల కిందనుంచి ఎగిరిన రాళ్ళు బానెట్టు మీద, ముందద్దం మీద సన్నటి మచ్చలు పెడతాయి. రాత్రి ఎదురు లైట్లు పడితే ఆ అద్దం మసకబారినట్టు మెరుస్తుంది. రేడియేటరు, ఏసీ కండెన్సరు రెక్కల మధ్య పురుగులు, దుమ్ము దట్టంగా అంటుకుంటాయి. గాలి తక్కువున్న టైరు ఎండాకాలం హైవే మీద లోపల వేడెక్కి పగులుతుంది. టర్బో ఉన్న బండిని వేగంగా తోలుకొచ్చి దాబా ముందు ఆపిన క్షణమే తాళం తిప్పేస్తే, ఎర్రగా కాగిన టర్బో షాఫ్టు దగ్గర ఆయిలు మాడి బొగ్గవుతుంది. ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచితే చాలు. హైవే మీద గుద్దుకున్న బండి దెబ్బ ఛాసిస్ దాకా పోతుంది. బజారు దెబ్బ చాలావరకు బంపరుతోనే ఆగుతుంది.

బైకుల లెక్క మరీ వేరు. ఈ దారిలో కార్లకన్నా బైకులే ఎక్కువ, వాటిలో వంద సీసీవి బోలెడు. హీరో హోండా సీడీ 100 1985లో, స్ప్లెండర్ 1994లో వచ్చాయి. ఆ 97 సీసీ ఇంజను 50 మీద హాయిగా నడుస్తుంది. ఇద్దరెక్కి 80 మీద పట్టిస్తే దాని శక్తినంతా పిండినట్టే, చేతిలో మిగులు ఏమీ ఉండదు. కారుకు విశ్రాంతి అయిన వేగం చిన్న బైకుకు కఠిన శ్రమ. అలాగని బజారూ సుఖం కాదు: గాలితో చల్లబడే ఇంజనుకు నిలబడితే గాలే లేదు. కాబట్టి బైకు విషయంలో "హైవేలో తిరిగిందా?" అన్న ప్రశ్న చాలదు, "ఎంత మీద తోలేవాడివి?" అని కూడా అడగాలి.

ఉప్పుగాలి

బంగాళాఖాతం దగ్గరే ఉండటం వల్ల ఇక్కడి బండ్లకు మూడో శత్రువు ఉంది. ఉప్పుగాలి ఎంత హైవే బండినైనా, ఎంత బజారు బండినైనా ఒకేలా తింటుంది. ఎక్కువగా ఆగి ఉండే బండిని ఇంకాస్త ఎక్కువ తింటుంది: బ్రేకు డిస్కుల మీద రాత్రికి రాత్రే ఎర్రపొర కడుతుంది, తలుపుల అడుగు అంచులు లోపల్నుంచి బుడగలు లేస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఆ రోజుల్లో నీళ్ళలో నిలిచిన బండ్లకు సీటు పట్టాల కింద, స్పేరు టైరు గుంటలో, వైర్ల సాకెట్లలో మట్టిగీతలు మిగిలిపోతాయి. అంతకు ముందటి తయారీ బండి అయితే కార్పెట్టు ఎత్తి చూడకుండా బేరం ముగించకూడదు.

దూరం కన్నా ఎక్కిదిగిన లెక్క ముఖ్యమని, ఉప్పుగాలి దానికి తోడైతే ఏమవుతుందని ప్రపంచానికి ఘోరంగా తెలిసింది విమానాల్లోనే. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పులో పెద్ద భాగం ఆకాశంలోనే ఊడిపోయింది. ఒక ఉద్యోగిని ప్రాణం పోయింది. ఆ విమానం ఎగిరిన గంటలు 35,496. ఎక్కిదిగిన సార్లు 89,680. అంటే ఒక్కో ప్రయాణం అరగంట కూడా లేదు, ఎక్కిన ప్రతిసారీ రేకు ఉబ్బి, దిగిన ప్రతిసారీ తగ్గింది, సముద్రపు గాలి అతుకులను తింది. విమానాలకు గంటలు, ఎక్కిదిగినవి రెండూ విడివిడిగా రాస్తారు. మన కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఇంకా కిలోమీటర్లే ప్రధానంగా కనిపిస్తున్నాయి.

బండి ఏ దారిలో బతికిందో తెలుసుకోవడం

మీటరు తిప్పేవాళ్ళున్నారు గాని బండి ఒళ్ళంతా తిప్పలేరు. బ్రేకు, క్లచ్చు పెడళ్ళ రబ్బర్ల మీద గీతలు చూడాలి. రీడింగు 40,000 చూపిస్తూ రబ్బరు నున్నగా అరిగి ఇనుము తొంగిచూస్తుంటే రీడింగు అబద్ధమో, బండి బజారుదో. రెండిట్లో ఏదైనా ధర తగ్గాల్సిందే. డ్రైవరు సీటుకు తలుపు వైపున్న అంచు, గేరు గుబ్బ, స్టీరింగు కూడా అదే సాక్ష్యం చెబుతాయి. దీనికి విరుద్ధంగా రీడింగు లక్ష దాటి, పెడళ్ళ గీతలు పదునుగా ఉండి, బానెట్టు మీద రాళ్ళ మచ్చలుంటే అది హైవే బండి. ఆ రీడింగు చూసి భయపడాల్సిన పని లేదు.

ఇంకో సాక్ష్యం ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి నుంచి టోలు గేట్లలో ఇది తప్పనిసరి. బండి నిజంగా శ్రీకాకుళం వైపు వెళ్ళొస్తూ ఉంటే బెల్లుపడ, లక్ష్మీపురం, మడపాం గేట్ల పేర్లు తేదీలతో సహా ఖాతాలో ఉంటాయి. "హైవే మీదే తిరిగిందండీ" అన్నవాణ్ణి ఆ స్టేట్‌మెంటు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. కొన్ని కార్ల డిస్‌ప్లేలో సగటు వేగం ఉంటుంది. దాన్ని చాలాకాలం రీసెట్ చేయకుండా ఉంచితే, రీడింగును ఆ అంకెతో భాగిస్తే గంటలు వస్తాయి.

సరిహద్దు దాటి కొనేవారు కాగితాలూ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే బండిని అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి. అందుకు పాత ఆఫీసు నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, కొత్త రాష్ట్రంలో రోడ్డు పన్ను కావాలి. ఆ పన్ను ఖర్చు బేరంలో కలుపుకోకపోతే ఇచ్ఛాపురంలో చవగ్గా కొన్న బండి గిరిసోల దాటేసరికి ఖరీదైపోతుంది.

చివరగా నడిపి చూడటం. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచకుండా, పొద్దున్నే వెళ్ళి బానెట్టు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తేల్చుకుని స్టార్టు చేయాలి. మొదటి రెండు మూడు సెకన్లు టకటక శబ్దం వచ్చి ఆగితే ఆయిలు పైకి ఎక్కిందని అర్థం. ఆగకపోతే అరుగుదల ఉంది. హైవే మీద బరంపురం వైపు పది కిలోమీటర్లు తోలి, మూడో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి ఎక్సిలేటరు నొక్కాలి. ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు అయిపోయినట్టే. అక్కణ్ణుంచి బజారులోకి దిగి, పావుగంట ఏసీతో ఆగుతూ కదులుతూ టెంపరేచరు ముల్లు గమనించాలి. తిరిగొచ్చాక ఇంజను ఆడుతుండగానే ఆయిలు మూత వదులు చేసి చూస్తారు మెకానిక్కులు. అందులోంచి పొగ బుసబుసా వస్తే దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు, రింగులు అరిగాయని అర్థం. మూత లోపలి వైపు మీగడలాంటి తెల్లటి నురగ కనిపిస్తే ముఖ్యంగా రెండు కారణాలు: గాస్కెట్ పోయి నీళ్ళు కలవడమో, దగ్గరి దూరాలు తిరిగి చెమ్మ ఆరకపోవడమో. ఆ నురగను గుడ్డతో పూర్తిగా తుడిచి, రెండు రోజులు హైవే మీద తిప్పి మళ్ళీ మూత తీస్తారు. పొడిగా ఉంటే చెమ్మే. తిరిగి పేరుకుంటే గాస్కెట్‌ను అనుమానించాలి.